గులాబీ గది ముందు చెప్పులు

నర్సరీ క్వార్టర్లు, మేడ మీద చివరి గది
జూన్ 9

అక్క గులాబీ గది లోపల ఉండగా తలుపు వేసింది నువ్వు. వేసి ఊరుకోలేదు. తప్పు అక్కదేనని కాగితం మీద సంతకం కూడా పెట్టావు.

ఆ కాగితం నిన్న చూశాను. ఆఫీసు గుమస్తా ఫైలు తెరిచిపెట్టి టీకి పోయాడు. నాకు చదువు రాదనుకున్నాడు పాపం. బడి మానేశాక విత్తనాల సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని, నీ చేతిరాత నాకో లెక్కా? "మహిళా కూలీ రూలు ప్రకారం చెప్పులు గడప బయట విడవకుండా గదిలోకి వెళ్ళినందున, లోపల ఎవరూ లేరని తలచి తలుపు మూయడమైనది." కింద నీ సంతకం. సంతకం కింద వంకర గీత ఒకటి, ఏదో ఘనకార్యం చేసినట్టు.

మామయ్యా, ఆ రూలు మాకు నేర్పింది నువ్వు. బయటి మట్టి లోపలికి పోతే మొక్కల తట్టలకి బూజు పడుతుంది, చెప్పులు గడప బయట విడిచి లోపలి రబ్బరు బూట్లు తొడుక్కోండి అన్నావు. తలుపు మూసేవాడు గడప చూడాలి, చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అన్నావు. ఎవరు లోపలికి వెళ్ళారో రాసుకునే తీరిక అక్కడ ఎవరికీ లేదు కాబట్టి ఇన్నేళ్ళూ చెప్పులే మా హాజరు. ఏడేళ్ళలో అక్క ఒక్క రోజు ఆ రూలు తప్పలేదు. మార్చిలో ఆ ఒక్క రోజే తప్పిందా?

చివరి అర వెనక తట్టలకి నీళ్ళు పెడుతోందట. గడియ పడిన చప్పుడు విందట. తలుపు దగ్గరికి వచ్చేలోపు ఆకులకి గులాబీ రంగు పట్టించే గ్యాస్ వదిలారు. లోపలివైపు పిడి లేదు. అది రెండు చేతులతో బాదినా ఫ్యాను హోరులో ఎవరికీ వినపడలేదు. నలభై నిమిషాలు. భోజనం వేళ దాని డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉండడం చూసి నేను పరిగెత్తాను కాబట్టి ఈ ఉత్తరం నీకు ఇంకోలా రాయడం లేదు.

ఇప్పుడు దానికి మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది. గ్లాసు అనడానికి "నీళ్ళ ఇల్లు" అంటుంది. దువ్వెన కావాలంటే తల నిమురుకుని చూపిస్తుంది. గది తలుపు వెయ్యనివ్వదు. వానొచ్చినా తీసే ఉండాలి. గాలికి తలుపు దగ్గరగా వస్తే చాలు, గోడకి అతుక్కుపోయి నా పేరు కూడా మరిచిపోయి "తియ్యి, తియ్యి" అంటుంది.

నువ్వేమో నెల తిరక్కుండానే వీళ్ళదే కొత్త తోటకి పెద్ద మేస్త్రీవయి వెళ్ళిపోయావు. వెళ్తూ వెళ్తూ మా కిటికీలో ఒక గులాబీ ఆకుల మొక్క పెట్టిపోయావు. ప్రేమ అనుకున్నాను. తీరా చూస్తే కుండీ మీది తట్ట నంబరు ఆ రోజు గదిలో ఉన్నదే.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు అక్కని లోపలి బూట్లతోనే బండి ఎక్కించాం. ఆ బూట్లు ఇంకా మా మంచం కిందే ఉన్నాయి. కాళ్ళకి బూట్లుంటే, చెప్పులు నెత్తిన పెట్టుకుని లోపలికి వెళ్ళిందా? గడప మీద లేవు, లోపలా లేవు. మరి ఎక్కడికి పోయాయి?

నీ మేనకోడలు


కొత్త తోట, మేస్త్రీల షెడ్డు
జూన్ 21

కందిరీగకి, మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, ముందు కుట్టి తర్వాత మాట్లాడతావు. నేనేమీ అనుకోను.

కాగితం సంగతి వదిలెయ్యి తల్లీ. ఆ రోజు ఆఫీసులో ఏం రాయమంటే అది రాశాను. మీరుంటున్న గది వాళ్ళది. అక్క పనికి రాకపోయినా మిమ్మల్ని ఖాళీ చెయ్యమనలేదంటే ఆ కాగితం వల్లే. నీ నోటి దురుసుతో ఉన్న నీడ పోగొట్టుకోకు.

మొక్క గురించి నీకు అనుమానం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ రంగు నిలవదు. గ్యాస్ పట్టించాక వచ్చే నాలుగైదు ఆకులే గులాబీ, ఆ తర్వాత మామూలు పచ్చే. కొన్నవాళ్ళు తమ చేతి గుణం అనుకుని ఏడుస్తారు. అక్క బాధపడకుండా ముందే చెప్పు.

దాని మనసు మళ్ళాలంటే నిజం గులాబీ మొక్కలు పెంచండి. ఎంచుకునేటప్పుడు పెద్దాకు చూసి మోసపోవద్దు. అన్నిటికన్నా చిన్న ఆకు చూడు, కాడ చూడు. కాడ మీద గులాబీ చార పైదాకా పాకి ఉంటే అది పుట్టుకతో వచ్చిన రంగు. కాడ పచ్చగా ఉండి ఆకు మాత్రం మెరిసిపోతుంటే ఎవరో పూసినట్టు. గులాబీ సింగోనియం మొండిది, మీ గదికి సరిపోతుంది. ఫిటోనియా ఈనెలన్నీ గులాబీగా ముద్దుగా ఉంటాయి గానీ నాటకాలమారి. ఒక్కపూట నీళ్ళు లేకపోతే చచ్చినట్టు పడిపోతుంది, గ్లాసెడు పోస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. ఎండ నేరుగా తగలనివ్వకు, ఆకు కాలుతుంది. అలాగని మూలన పెట్టకు, వెలుతురు చాలకపోతే గులాబీ వదిలేసి పచ్చ తెచ్చుకుంటుంది. మట్టిలో వేలు ఒక కణుపు దాకా పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు.

ఇంకొకటి. ఆకు మొత్తం గులాబీగా వస్తే సంబరపడకు. పచ్చ లేని ఆకు తన తిండి తాను వండుకోలేదు, పక్క ఆకు తిండి తింటుంది. వరసగా మూడు అలా వచ్చాయంటే, సగం పచ్చ ఉన్న కణుపు దాకా కోసెయ్యి. అందం చూసి జాలిపడితే మొక్క పోతుంది.

ఇక్కడ కూడా గులాబీ గది కడుతున్నారు. మన దానికి మూడింతలు. గోడలు లేచాయి. నాకు పని ఎక్కువైంది.

అక్కని అడిగానని చెప్పు.

మామయ్య


నర్సరీ క్వార్టర్లు, మేడ మీద చివరి గది
జూలై 18

మామయ్యకి,

రెండు పేజీలు రాశావు. ఫిటోనియా మూర్ఛపోవడం గురించి ఉంది. నేను అడిగిన చెప్పుల గురించి ఒక్క ముక్క లేదు. నేను చదవడం ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఉన్నదీ చదువుతాను, లేనిదీ చదువుతాను.

అయినా నువ్వు చెప్పింది చేశాను. విద్య నీది, దాని మీద నాకు కోపం లేదు. పారేసే కుప్పలోంచి ఆరు సింగోనియం ముక్కలు ఏరాను. కాడ చూసి నాలుగు పారేశాను, రెండు ఉంచాను. అక్క మట్టి వేస్తుంది. గురి తప్పి సగం నేల మీద పడుతుంది, ఏరి మళ్ళీ వేస్తుంది. మొదటి కొత్తాకు విచ్చుకున్న రోజు నన్ను పిలిచి, కాడ మీద గులాబీ చార చూపించి, చాలాసేపు మాట వెతుక్కుని, "దీనిదే" అంది. దీని రంగు దీనిదే అని. ఆ ఒక్క మాటకి చెమటలు పట్టాయి దానికి.

ఇప్పుడు అసలు సంగతి. తట్టలు కడిగే పెద్దమ్మ ఉంది కదా, నోట్లో నాలుక లేనిది అంటావు. మొన్న తొట్టి దగ్గర ఇద్దరమే ఉన్నాం. చెప్పుల మాట ఎత్తాను. చేతిలో తట్ట జారింది.

"నన్నడక్కే తల్లీ."

"నిన్ను కాక గోడనడగనా? నువ్వూ ఆ రోజు గదిలోకి వెళ్ళావుగా."

"వెళ్ళాను, వచ్చాను. బయటికొచ్చి చూస్తే చెప్పుల్లేవు. మా నలుగురివీ లేవు. కుక్క ఎత్తుకుపోయిందా అని నవ్వుకున్నాం కూడా. తీరా మూల తిరిగి చూస్తే, కొత్తగా పెట్టిన అరలో వరసగా ఉన్నాయి, మడమలు ఇటు, వేళ్ళు గోడకి. మీ మామయ్య పని. 'మహారాజులొస్తున్నారు, మీ చెప్పులు చూస్తే కళ్ళు పోతాయి వాళ్ళకి' అన్నాడు."

"అక్కవి?"

పెద్దమ్మ జారిన తట్ట తీసి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"అయిదు జతలుండెయ్. మేం నలుగురం తీసుకున్నాం."

మామయ్యా, మా అమ్మ పోయాక మమ్మల్ని పెంచినవాడివి. ఇంట్లో ఎవరి చెప్పులు వంకరగా ఉన్నా వంగి సర్ది, వేళ్ళు గోడవైపు తిప్పి పెట్టేవాడివి. నాకు ఆ అర చూడకుండానే కనపడింది. నాకు కోపం రావాలి. కానీ ముందు భయం వేసింది. పెద్దమ్మ నాలుగు నెలలు ఎందుకు చెప్పలేదో అడిగితే, "మీ మామయ్య చెప్పొద్దన్నాడు, మేనేజరూ చెప్పొద్దన్నాడు, ఇద్దరూ ఒకే మాట అన్నాక నాదేముంది" అంది. తొట్టి దగ్గర్నుంచి లేచి వస్తుంటే మేనేజరు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. మర్నాడు పెద్దమ్మ పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎవర్నడిగినా "మానేసిందట" అంటున్నారు. ఎవరితో అంది, ఎప్పుడంది, ఎవరికీ తెలీదు.

ఇప్పుడు మేనేజరు నేను ఎక్కడ పని చేస్తుంటే అక్కడికి వస్తున్నాడు. తట్టలు లెక్కపెట్టినట్టు నటించి పోతాడు. నిన్న మాత్రం ఆగి, "మీ అక్క ఎలా ఉంది? మీ గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందటగా, జాగ్రత్త" అన్నాడు. నవ్వుతూనే. తలుపు వేస్తే అక్క చస్తుంది. తీసి ఉంచితే నాకు కన్ను మూతపడదు.

చెప్పులు నువ్వే తీశావని తెలిసింది. అయిదో జత ఏమైందో చెప్పు.

నీ మేనకోడలు


కొత్త తోట, మేస్త్రీల షెడ్డు
ఆగస్టు 6

తల్లీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. ఆఫీసు ద్వారా నాకు ఉత్తరం రాయకు. ఇక్కడ టపా ముందు గుమస్తా చేతికే వస్తుంది, నీ పోయినసారి కవరు అంటించిన చోట జిగురు తడిగా ఉంది.

పెద్దమ్మ చెప్పింది నిజం. ఆ రోజు పెద్ద కొనుగోలుదార్లు వస్తున్నారు. మేనేజరు గడప ముందు కుప్ప చూసి, "ఇది నర్సరీయా, చెప్పుల దుకాణమా?" అన్నాడు. వాళ్ళు వచ్చేలోపు శుభ్రంగా ఉండాలని నేనే ఎత్తి అరలో సర్దాను. ఆ క్షణంలో నాకు అవి చెప్పులే. లోపలున్న మనుషులని తోచలేదు. పది పనులు చూసుకుని గంట తర్వాత వచ్చాను. గడప చూశాను. ఇన్నేళ్ళుగా చూసినట్టే చూశాను. ఖాళీగా ఉంది. గడియ వేశాను.

ఖాళీ చేసింది నేనేనన్నది గుర్తు రాలేదు, కందిరీగా. ఎంత ఆలోచించినా ఎందుకు గుర్తు రాలేదో తెలియడం లేదు.

నువ్వు అక్కని బయటికి ఈడ్చినప్పుడు నేను మూల తిరిగాను. అరలో ఒక్క జత ఉంది. నీలం పట్టీ, ఎడమది తెగితే తీగతో కట్టుకుంది. తీసి సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను. చెయ్యి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆఫీసులో కాగితం ముందు పెట్టారు. చెప్పులు లేవు కాబట్టి తప్పు దానిదే అన్నారు. నేను నోరు తెరవలేదు. చెప్పులు నా సంచిలో, నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

అవి ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. పారెయ్యలేను, ఎదురుగా చూడలేను.

ఇక్కడ కొత్త గది పూర్తయింది. వచ్చే నెల మొదటి సోమవారం మొదటి గ్యాస్. గడియ వెయ్యాల్సింది నేనే. ఉత్త గది మీద అలవాటు కోసం వేసి చూడమన్నారు. వేశాను. వేసి మూడుసార్లు తీశాను. ఎవరూ లేరని తెలుసు, అయినా తీశాను. నాలుగోసారి తియ్యబోతుంటే ఇంజనీరు పట్టుకుని, "మేస్త్రీ, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

బయటపెట్టకు. నేను కావాలని చేశానంటారు. మీ గది పోతుంది, నా పని పోతుంది, అక్కకి మందులెక్కడివి? నేను ఏదో ఒకటి చేస్తాను. ఏం చేస్తానో ఇంకా తెలీదు. కాస్త ఓపిక పట్టు.

మొక్క ఎలా ఉంది?

మామయ్య


నర్సరీ క్వార్టర్లు, మేడ మీద చివరి గది
ఆగస్టు 25

మామయ్యకి,

చింపలేదు. నీ ఉత్తరం నా జాకెట్టు లోపల ఉంది, రెండో ప్రతి నా చేత్తో రాసి ఇంకొకరి దగ్గర పెట్టాను. ఎవరి దగ్గరో రాయను. ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. మీ తోటకి తట్టలు తెచ్చే బండి డ్రైవరు నీ చేతికే ఇస్తాడు.

నువ్వు పొరపాటు చేశావని నమ్మాను. నువ్వు చెప్పక ముందే నమ్మాను. నిన్ను నేను తిట్టేది గడియ వేసినందుకు కాదు. చెప్పులు సంచిలో వేసుకున్నందుకు. పొరపాటు ఒక్క నిమిషంలో అయిపోయింది. సంచి అయిదు నెలలుగా మోస్తున్నావు, మాతో మోయిస్తున్నావు. అక్క ఏమనుకుంటోందో తెలుసా? తప్పు తనదే అనుకుంటోంది. గుమస్తా వచ్చి కాగితం చదివి వినిపించాడట, నేను లేనప్పుడు. అప్పట్నుంచీ నేను పనికి బయల్దేరేటప్పుడు కిందికి వంగి నా చెప్పులు రెండు చేతులతో పట్టుకుని చూస్తుంది, ఉన్నాయా లేవా అని. "మరిచిపోయాను" అంటుంది. మరిచిపోయింది అది కాదు, నువ్వు.

ఇప్పుడు విను. నువ్వు మంచం కింద దాచింది ఒక జతే అనుకుంటున్నావు. మొన్న శనివారం ఇక్కడ గడప పక్కన కొత్త బోర్డు పెట్టారు. "గది ముందు చెప్పులు ఉంచరాదు. అన్నీ మూల వెనక అరలోనే ఉంచవలెను." కొనుగోలుదార్లకి నీ అర నచ్చిందట. మీ కొత్త తోటలో కూడా ఇదే బోర్డు వస్తుందని మేనేజరు చెప్పాడు. "మీ మామయ్య తెలివే" అని నా భుజం తట్టాడు. అక్క రూలు తప్పిందని నువ్వు రాశావు కాబట్టి, రూల్లో తప్పేమీ లేదు, మనుషులే అజాగ్రత్త అని వాళ్ళు తేల్చుకున్నారు. ఇక నుంచి లోపల ఎంతమంది ఉన్నా గడప ఖాళీగానే ఉంటుంది. తలుపు మూసేవాడు ఖాళీ గడప చూసి మూస్తాడు.

వచ్చే సోమవారం మీ గదిలో తట్టలు సర్దడానికి ఇక్కడి నుంచి పన్నెండు మందిని పంపుతున్నారు. జాబితా గోడకి అంటించారు. నా పేరు మొదటిది. అంత గౌరవం ఎందుకో నాకు తెలుసు, నీకూ తెలుసు. చివరి అరకి నీళ్ళు పెట్టే పని నాకు వేశారు.

భయమేస్తోంది మామయ్యా. నోరున్నదాన్ని, రాస్తే నీకు నవ్వొస్తుందేమో. నిన్న పాత గదిలోకి తట్ట తీసుకుని వెళ్ళాను, ఉత్త తట్ట, తలుపు బార్లా తీసి ఉంది. రెండో అర దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. గోడ మీద, నా భుజం ఎత్తున, గోళ్ళతో గీకిన గీతలున్నాయి. సున్నం వేశారు గానీ సున్నం కిందనుంచి కనపడుతున్నాయి. అక్క ఎత్తూ నా ఎత్తూ ఒకటే.

నీ మొక్క సంగతి అడిగావు. గులాబీ ఆకులు ఒక్కొక్కటే రాలిపోయాయి. కొత్తగా మూడు వచ్చాయి, మూడూ పచ్చవే. అక్క ఏడుస్తుందనుకున్నాను. నువ్వు భయపడినట్టే నేనూ భయపడి ముందే చెప్పి పెట్టాను కూడా. అది కుండీ దగ్గర కూర్చుని పచ్చాకు మీద వేలు పెట్టి, ఒక్క మాట కూడా వెతుక్కోకుండా అంది, "ఇప్పుడు తింటుంది ఇది."

నీ ఉద్యోగం, మా గది, మందులు, అన్నీ లెక్కలోకి తీసుకునే రాస్తున్నాను. నాకు కావలసింది ఇది. అక్క చెప్పులు రెండూ, తీగ కట్టు విప్పకుండా. నీ చేత్తో ఒక కాగితం. ఆ రోజు చెప్పులు గడప మీద ఉన్నాయి, అక్క రూలు తప్పలేదు, వాటిని తీసింది నేను, దాచింది నేను అని. ఈసారి కింద గీత అక్కర్లేదు. ఆ కాగితం జాబితాలో ఉన్న పన్నెండు మందికీ నేనే చదివి వినిపిస్తాను. చదవడం వచ్చు కదా. ఆ తర్వాత లోపలి పిడి బిగించేదాకా, చెప్పులు తిరిగి గడప మీదికి వచ్చేదాకా ఒక్కరూ లోపల అడుగు పెట్టరు.

రాకపోతే సోమవారం నీ దగ్గరికి నేనే వస్తాను. లోపలికి వెళ్ళను. నీ ఉత్తరం పైకి చదువుతూ ఆ గడప మీద కూర్చుంటాను. తలుపు మూయాలంటే ముందు నన్ను ఎత్తి అరలో సర్దు.

తట్టల బండి శనివారం మధ్యాహ్నం రెండింటికి మీ గేటు నుంచి తిరిగి బయల్దేరుతుంది. డ్రైవరు పది నిమిషాలు ఆగుతానన్నాడు. చెప్పులూ కాగితమూ ఆ బండిలో ఉండాలి. రెండు గంటల పది నిమిషాలు దాటితే నీ జవాబు నాకు అక్కర్లేదు.

నీ మేనకోడలు